వయసు మళ్ళిన కుక్కకు ఇంటి అమరిక

కుక్క ఏ వయసులో ముసలిదవుతుందో చెప్పడానికి అన్ని జాతులకూ సరిపడే అంకె ఏదీ లేదు. గ్రేట్ డేన్ ఏడో ఏటికే వృద్ధాప్యంలో పడుతుంది. అదే వయసున్న పొమెరేనియన్ ఇంకా నడివయసులో గెంతుతూ ఉంటుంది. అందుకే అమెరికా జంతు ఆసుపత్రుల సంఘం 2019లో వెలువరించిన మార్గదర్శకాలు ఏళ్ళ లెక్కను పక్కన పెట్టి, కుక్క అంచనా ఆయుర్దాయంలో చివరి పావు భాగాన్ని వృద్ధదశ అన్నాయి. తెలుగు ఇళ్ళలో విరివిగా కనిపించే లాబ్రడార్‌నే తీసుకుందాం. బ్రిటన్ పశువైద్యశాలల రికార్డుల ఆధారంగా 2018లో వచ్చిన అధ్యయనంలో దాని మధ్యగత ఆయుర్దాయం 12 ఏళ్ళు. అంటే తొమ్మిదో ఏడు నిండితే అది పెద్దల లెక్కలోకి వచ్చినట్టే. కుక్క వయసును ఏడుతో హెచ్చవేసే పాత లెక్క కూడా నిలవలేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌డియాగో పరిశోధకులు 104 లాబ్రడార్ల డీఎన్‌ఏ మీద వయసుతో మారే రసాయన గుర్తులను మనుషుల వాటితో పోల్చి 2020లో ఒక సూత్రం ఇచ్చారు. దాని ప్రకారం ఏడాది కుక్క 31 ఏళ్ళ మనిషికీ, 12 ఏళ్ళ కుక్క దాదాపు 71 ఏళ్ళ మనిషికీ సాటి. కుక్క తొందరగా పెద్దదై, ఆ తర్వాత మెల్లగా ముదురుతుందన్నమాట. ఆ మెల్లని ముదురు దశ చాలావరకు నాలుగు గోడల మధ్యే గడుస్తుంది.

వయసు మళ్ళిన కుక్క ముందు మేడ మెట్లు ఎక్కడం మానేస్తుంది. తర్వాత సోఫా ఎక్కదు. గేటు చప్పుడైనా లేచి రాదు, కూర్చున్న చోటు నుంచే తోక కొడుతుంది. ఇంట్లోవాళ్ళు దీన్ని చూసి "వయసైపోయింది, ఇక అంతే" అంటారు. ఈ మాటలో సగమే నిజం. పశువైద్యంలో తరచుగా ఉదహరించే అంచనా ప్రకారం ఏడాది దాటిన కుక్కల్లో ప్రతి ఐదింటిలో ఒకదానికి కీళ్ళ అరుగుదల ఉంటుంది. వయసుతోపాటు ఈ వంతు బాగా పెరుగుతుంది. నొప్పి ఉన్న కుక్క మూలుగుతుందని, కుంటుతుందని మనం ఎదురుచూస్తాం. అది మాత్రం నొప్పి పుట్టించే పనిని మానుకుని ఊరుకుంటుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో తయారైన నొప్పి ప్రశ్నావళి యజమానిని కుక్క అరుపుల గురించి అడగదు. లేవడం, నడవడం, పరుగెత్తడం, మెట్లెక్కడం ఎలా ఉందని అడుగుతుంది. ఈ పనులన్నీ ఇంటి నేల మీద, ఇంటి మెట్ల మీద జరిగేవే. కాబట్టి కుక్క ఫలానా పని చేయలేకపోతోందంటే అందులో ఒంటి వంతు ఎంతో, ఇంటి వంతు ఎంతో విడదీసి చూడాలి. అరిగిన తుంటి కీలును మళ్ళీ కొత్తది చేయలేం, ఆ కీలు కింద ఉన్న నేలను మాత్రం మార్చవచ్చు. ముసలి కుక్కకు ఇల్లు సౌకర్యంగా చేయడమంటే మెత్తని పరుపు కొనడమని చాలామంది అనుకుంటారు. అసలు పని అది తన కాళ్ళ మీద తాను లేచి, తిని, తాగి, బయటికి వెళ్ళి రాగలిగేలా నేలనూ ఎత్తులనూ వెలుతురునూ సర్దడం. పరుపు వంతు ఆ తర్వాతే.

అన్నిటికన్నా ముందు చూడవలసింది నేల. కుక్క ఒంటి బరువులో సుమారు 60 శాతం ముందుకాళ్ళు, 40 శాతం వెనకకాళ్ళు మోస్తాయి. తుంటి, మోకాలు అరిగినకొద్దీ అది ఇంకొంత బరువును ముందుకు నెట్టుకుంటుంది. వాడకం తగ్గిన తొడ కండ సన్నబడుతుంది. మట్టి మీద అయితే గోళ్ళు దిగబడి పట్టు దొరుకుతుంది. నున్నటి విట్రిఫైడ్ టైలు మీద గోరు దిగదు, అరికాలి మెత్తలు ఒక్కటే ఆసరా. అవి కూడా వయసుతో ఎండి గట్టిబడతాయి. అలాంటి నేల మీద ముసలి లాబ్రడార్ లేవడం గమనిస్తే విషయం తెలిసిపోతుంది. ముందుకాళ్ళు ఆనించి ఛాతీ ఎత్తుతుంది, వెనకకాళ్ళు కూడదీసుకోబోతే గోళ్ళు టైలును గీరుతూ రెండు తొడలూ చెరో పక్కకు జారతాయి, కూలబడుతుంది. కాసేపు రొప్పి, దేకుతూ గోడవారకు చేరి, గోడకు ఒరిగి లేస్తుంది. నాలుగుసార్లు ఇలా జారాక దాహం వేసినా లేవడం మానేస్తుంది. కదలకపోతే కండ తరుగుతుంది, కండ తరిగితే ఇంకా జారుతుంది. పాత ఇళ్ళలో ఈ చిక్కు ఇంతగా లేదు. అలికిన మట్టి నేలకు, పాలిష్ చేయని తాండూరు, బేతంచెర్ల బండలకు గరుకుదనం ఉండేది. ఇప్పుడు ఆ బండలనే అద్దంలా పాలిష్ పట్టించి పరుస్తున్నారు. అపార్టుమెంట్లలో గ్రానైటు, విట్రిఫైడ్ టైల్సే రివాజు. మెరిసే నేల మనకు శుభ్రతకు గుర్తు, కీళ్ళు అరిగిన నాలుగు కాళ్ళ జీవికి మాత్రం అది మంచుగడ్డే.

దీనికోసం టైల్స్ పీకించనక్కర్లేదు. కుక్క రోజూ తిరిగే దారులు లెక్కపెడితే మూడో నాలుగో తేలతాయి: పడక నుంచి నీళ్ళ గిన్నెకు, అక్కడి నుంచి వీధి గుమ్మానికి, మనుషులు కూర్చునే చోటుకు. ఆ దారుల వెంట, కుక్క వెనుదిరగడానికి చాలినంత వెడల్పున, అడుగున రబ్బరు ఉన్న పట్టాలు పరిస్తే సరిపోతుంది. యోగా మ్యాట్లు, రబ్బరు అడుగున్న కొబ్బరి పీచు పట్టాలు, పిల్లల గదుల్లో వేసే ఫోమ్ పలకలు కూడా పనికొస్తాయి. ఫోమును కొరికే అలవాటున్న కుక్కకు మాత్రం అది వద్దు, ముక్కలు మింగితే పేగులో అడ్డుపడతాయి. పట్టాల మధ్య ఖాళీ వదలకూడదు. ఆ జానెడు ఖాళీలోనే కాలు జారుతుంది. రబ్బరు లేని గుడ్డ పట్టా టైలు కన్నా ప్రమాదం, కుక్కతో సహా జారిపోతుంది. నేల తుడిచే ద్రావణం ఎక్కువైతే సబ్బుపొర మిగులుతుంది గనుక తుడిచాక ఒకసారి మంచినీళ్ళతో ఒత్తి, ఆరేదాకా కుక్కను ఆ గదిలోకి రానివ్వకపోవడం మేలు. నేలతోపాటు గోళ్ళూ చూడాలి. నడుస్తుంటే టైలు మీద టకటకమని చప్పుడు వస్తోందంటే గోళ్ళు పెరిగి అరికాలిని నేలకు ఆననివ్వడం లేదనే అర్థం. నడక తగ్గిన కుక్కకు గోళ్ళు అరగవు. వాటిని ఒక్కసారే పొట్టిగా కత్తిరిస్తే లోపలి రక్తనాళం తెగుతుంది; వారానికి కొంచెం చొప్పున కత్తిరిస్తూ పోతే ఆ నాళమూ వెనక్కి తగ్గుతుంది. వేళ్ళ మధ్య పెరిగిన వెంట్రుకలు తీసేస్తే మెత్తలకు నేల తగులుతుంది. ఇంట్లో వృద్ధులుంటే పట్టాల అంచులు కాళ్ళకు తట్టుకుంటాయన్న అభ్యంతరం ఉంది, అది గట్టిదే. అంచులను రెండువైపులా అంటుకునే టేపుతో నేలకు అతికించడం, మడతపడే పల్చని పట్టాలు వాడకపోవడం దానికి మందు.

నేల తర్వాతి సంగతి ఎత్తులు. తెలుగు ఇంటి గుమ్మానికి గడప ఉంటుంది; రెండు మూడు అంగుళాల ఆ గడపే ముసలి కుక్క కాలు తట్టుకునే మొదటి చోటు. కుక్క కన్ను ప్రధానంగా నీలం, పసుపు రంగులను గుర్తుపడుతుంది, ఎరుపు, ఆకుపచ్చ తేడా దానికి తెలియదు. గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టే ఆచారంలో కుంకుమ వంతు కుక్కకు మసక గుర్తుగానే కనిపించినా, పసుపు మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రంగేమీ లేని నల్ల గ్రానైటు గడప, అదే రంగు నేలలో కలిసిపోతుంది. అలాంటి గడపలకూ మెట్ల అంచులకూ పసుపు టేపు, లేతరంగు పాలరాయికి నీలం టేపు అంటిస్తే చూపు మందగించిన కుక్క అంచు ఎక్కడుందో పోల్చుకుంటుంది. ఎక్కుడు పలక (ర్యాంపు) వేయదలిస్తే లెక్క చూసుకోవాలి. వాలు 20 డిగ్రీలు దాటకుండా ఉండాలంటే అడుగు ఎత్తుకు దాదాపు మూడడుగుల పలక కావాలి. రెండున్నర అడుగుల ఎత్తున్న కారు డిక్కీకి ఏడడుగులకు పైనే. బజారులో దొరికే పొట్టి పలకలు చాలా నిటారుగా ఉంటాయి, కుక్క వాటిని నమ్మదు. సోఫా, మంచం మీద నుంచి దూకడం ఎక్కడం కన్నా చెరుపు. దిగే విసురంతా ముందుకాళ్ళ మీద పడుతుంది. పై అంతస్తులో ఉండేవాళ్ళకు మెట్లు దింపడమే రోజూ పెద్ద పని. వెడల్పాటి తువ్వాలును పొట్ట కింద, వెనకకాళ్ళకు ముందుగా పట్టి పైకి లాగుతూ నడిపిస్తే సగం బరువు మన చేతిలోకి వస్తుంది. లిఫ్టులోకి కుక్కలను రానివ్వబోమనే అపార్టుమెంటు సంఘాలు ఉన్నాయి గానీ, పెంపుడు కుక్కలకు లిఫ్టు వాడకాన్ని నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ మండలి 2015 మార్గదర్శకాల్లోనే చెప్పింది.

పడక విషయంలో మన వాతావరణం పాశ్చాత్య సలహాలను తలకిందులు చేస్తుంది. అక్కడి పుస్తకాలు చలికి బిగిసే కీళ్ళ కోసం వేడి పరుపులు చెబుతాయి. ఇక్కడ డిసెంబరు, జనవరి రాత్రుల్లో, ముఖ్యంగా కొల్లేరు ప్రాంతపు జోనంగి లాంటి పొట్టి వెంట్రుకల కుక్కలకు తప్ప, ఆ బెడద లేదు. ఇక్కడి బాధ ఎండ. కుక్క ఒంటి వేడి మామూలుగా 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. బయటి గాలి 42 దాటాక ఆ గాలికి ఒంటి వేడిని వదలడం కుదరదు, రొప్పుతూ తడి ఆవిరి చేసుకోవడమే దారి. ముసలి లాబ్రడార్లలో గొంతు కవాటం చచ్చుబడే జబ్బు వస్తే రొప్పడమూ కష్టమే. ఊపిరి గురగురమంటోందంటే అది ముసలితనపు గురక అనుకోకూడదు. తెలంగాణ, రాయలసీమల పొడి ఎండలో కూలర్ బాగా పనిచేస్తుంది. విశాఖ, కాకినాడ ఉక్కపోతలో దానికి విలువ తక్కువ, ఎందుకంటే గాలిలో తేమ నిండి ఉన్నప్పుడు కూలర్ నీరూ ఆవిరి కాదు, కుక్క నాలుక తడీ ఆవిరి కాదు. అక్కడ ఫ్యాను, వీలైతే ఏసీ కావాలి. వేలు పోసి కొన్న పరుపును వదిలి కుక్క గచ్చు మీద పడుకుంటోందని చాలామంది విసుక్కుంటారు. దానికి చల్లదనం కావాలి. అయితే రోజంతా రాతి మీద ఉంటే మోచేతులు కాయలు కాచి, నీరు చేరి, చివరికి పుండ్లవుతాయి. ఒళ్ళు రాయి మీద, కాళ్ళు పట్టా మీద ఉండేలా పడక చోటును ఆనుకుని పట్టా వేస్తే చల్లదనమూ దక్కుతుంది, లేవడానికి పట్టూ దొరుకుతుంది. నవారు మంచం గాలి ఆడుతుందని వాడతారు గానీ వదులైన నవారులోంచి లేవడం కీళ్ళ నొప్పి ఉన్న కుక్కకు నరకం. బూరుగు దూది పరుపూ కొన్నాళ్ళకు గుంటపడుతుంది. చేత్తో నొక్కితే అడుగు నేల తగలని దళసరి ఫోమే మేలు.

ఏడెనిమిదేళ్ళ తర్వాత కుక్క కంటిపాపలో నీలిమసక కనబడగానే గుడ్డిదవుతోందని కంగారు పడతారు. చాలాసార్లు అది కటకం గట్టిపడటం వల్ల వచ్చే మామూలు మార్పు, చూపు పెద్దగా పోదు. శుక్లం వేరు, రెంటినీ తేల్చేది వైద్యుడే. వయసు కన్ను ముందుగా ఓడిపోయేది చీకటికి. కాబట్టి పడక నుంచి నీళ్ళ దాకా రాత్రంతా సన్నని బల్బు వెలుగుండటం చిన్న ఖర్చుతో పెద్ద సాయం. చూపు తగ్గిన కుక్క ఇంటి పటాన్ని ముక్కుతోనూ జ్ఞాపకంతోనూ నడుపుకుంటుంది. పండగ ముందు సోఫాలూ బల్లలూ జరిపేస్తే ఆ పటం చెదిరిపోతుంది. చెవుడు వచ్చిన కుక్కను నేల మీద కాలు తట్టి లేపమని చెక్క నేలల దేశాల్లో చెబుతారు. మన కాంక్రీటు శ్లాబు మీద ఆ తట్టు అంతగా అందదు. లైటు ఆర్పి వెలిగించడమో, ఎదురుగా వెళ్ళి చెయ్యి వాసన చూపడమో పనిచేస్తుంది. రాత్రిళ్ళు ఊరికే తిరగడం, గోడ మూలన నిలబడిపోవడం, తెలిసినవాళ్ళను గుర్తుపట్టకపోవడం మతిమరుపు జబ్బు లక్షణాలు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ 2001లో ప్రచురించిన పరిశీలనలో 11–12 ఏళ్ళ కుక్కల్లో 28 శాతానికి, 15–16 ఏళ్ళ వాటిలో 68 శాతానికి ఇలాంటి లక్షణం కనీసం ఒకటి కనిపించింది. అయితే రాత్రి తిరుగుడంతా మతి తప్పడమే అనుకోవడం తొందరపాటు. ఏ పక్క పడుకున్నా నొప్పి పెట్టే కుక్క కూడా అలాగే తిరుగుతుంది. దీపావళి మోతకు కొత్తగా బెదరడం కూడా అంతే. శబ్ద భయం ఉన్న 20 కుక్కలను పోల్చిన 2018 నాటి అధ్యయనంలో, కీళ్ళ కండరాల నొప్పి ఉన్నవాటిలో ఆ భయం సగటున నాలుగేళ్ళు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది. ఉలిక్కిపడ్డప్పుడు ఒళ్ళు బిగుసుకుని నొప్పి కలుగుతుంది, ఆ నొప్పి చప్పుడుతో ముడిపడిపోతుంది. తొమ్మిదేళ్ళు టపాసులను లెక్కచేయని కుక్క పదో ఏట మంచం కింద దూరితే, కిటికీలు మూయడంతోపాటు కీళ్ళు చూపించడం కూడా అవసరం.

నీళ్ళ విషయంలో మన అలవాటు ఒకటి మార్చుకోవాలి. ఇల్లు తడుపుతోందని ముసలి కుక్కకు నీళ్ళు తగ్గించేవాళ్ళున్నారు. మూత్రపిండాలు దెబ్బతిన్న కుక్క చిక్కబరచలేని మూత్రాన్ని పోస్తూ, పోయిన నీటిని తాగి పూడ్చుకుంటుంది. గిన్నె తీసేస్తే మూత్రం ఆగదు, కుక్క ఎండిపోతుంది. ఎక్కువ తాగడం మధుమేహానికీ గుర్తు కావచ్చు గనుక పరీక్ష చేయించాలి. ఇంట్లో రెండు మూడు చోట్ల గిన్నెలు పెట్టి, బయటికి తీసుకెళ్ళే వేళలు పెంచడం, రాత్రికి బాల్కనీలో మట్టి లేదా గడ్డి పళ్ళెం అమర్చడం సరైన దారి. నిద్రలో తెలియకుండా కారిపోవడం, ముఖ్యంగా గర్భసంచి తీయించిన ఆడకుక్కల్లో, మందుకు లొంగే జబ్బు. దానికి కొట్టడం అన్యాయం. గిన్నెను ఎత్తు పీట మీద పెట్టాలా అన్నదానిపై మాత్రం ఒకే మాట లేదు. మెడ నొప్పి ఉన్న కుక్కకు అది సుఖం. కానీ పర్డ్యూ విశ్వవిద్యాలయం 2000లో ప్రచురించిన అధ్యయనంలో, పెద్ద జాతుల్లో ఎత్తు గిన్నెకూ కడుపు ఉబ్బి మెలిపడే ప్రాణాంతక స్థితికీ సంబంధం కనిపించింది. పొమెరేనియన్‌కు పీట వేయడానికి జంకనక్కర్లేదు. గ్రేట్ డేన్‌కు వేసేముందు వైద్యుణ్ణి అడగాలి.

ఇల్లు సర్దాలన్న ఈ వాదనకు ఎదురుగా వచ్చే మాటల్లో బలమైనది, సౌకర్యం ఎక్కువైతే కుక్క ఇంకా కదలడం మానేస్తుందన్నది. అన్నీ మంచం దగ్గరికే తెచ్చి పెడితే అలాగే అవుతుంది. అందుకే నీళ్ళు ముక్కు దగ్గర పెట్టడం కన్నా నీళ్ళ దాకా జారని దారి వేయడం మేలు. ఒక పొడవైన నడక కన్నా రోజుకు మూడు నాలుగు పొట్టి నడకలు కండను నిలుపుతాయి. రెండో అభ్యంతరం, నొప్పికి మందుండగా ఇల్లెందుకు మార్చాలన్నది. మందు కావాలి, దాన్ని కాదనడం క్రూరత్వం. కానీ నొప్పి తగ్గిన కుక్క ఉషారుగా లేచి అదే టైలు మీద జారితే మళ్ళీ మొదటికొస్తుంది. పైగా ఇంటి అల్మరాలోని మాత్రలు దానికి మందు కావు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, పారాసెటమాల్ మోతాదు మీరితే కాలేయాన్ని పాడుచేస్తుంది. మూడోది, ఇదంతా డబ్బున్నవాళ్ళ ముచ్చట అనడం. ఇక్కడ సాక్ష్యం తిరగబడుతుంది. అన్నిటికన్నా గట్టి రుజువు ఉన్న ఉపాయం ఖర్చు పెంచదు, తగ్గిస్తుంది. 48 లాబ్రడార్లను జతలుగా పెంచి, ప్రతి జతలో ఒకదానికి పావు వంతు తక్కువ తిండి పెట్టి జీవితాంతం గమనించిన అధ్యయనం 2002లో వెలువడింది. తక్కువ తిన్నవి మధ్యగతంగా 13 ఏళ్ళు, కడుపునిండా తిన్నవి 11.2 ఏళ్ళు బతికాయి. కీళ్ళకు చికిత్స అవసరం కావడం కూడా తక్కువ తిన్నవాటిలో మూడేళ్ళు ఆలస్యమైంది. పెరుగన్నంలో రోజూ అదనంగా వేసే రెండు ముద్దలూ, చాయ్‌తోపాటు పడేసే బిస్కట్లూ మానేయడం ఏ పరుపుకన్నా విలువైన అమరిక. ఇక "ఇంట్లో పెద్దవాళ్ళకే ఇవన్నీ లేవు" అనే మాట. అది కుక్కకు వ్యతిరేకంగా చెప్పే వాదన కానే కాదు, జారని స్నానాలగది, రాత్రి బల్బు, అంచు తెలిసే మెట్లు ఆ పెద్దవాళ్ళకీ కావలసినవే.

ఈ అమరికలకూ ఒక హద్దు ఉంది. అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ రూపొందించిన కొలమానం నొప్పి, ఆకలి, నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డరోజుల కన్నా మంచిరోజులు ఎక్కువా అన్న ఏడు అంశాలకు పదేసి మార్కులు ఇస్తుంది. మొత్తం 35 దాటితే బతుకు సహించదగ్గదిగానే ఉందని లెక్క. ఏడింటిలో కదలిక ఒక అంశం మాత్రమే కావడం గమనించాలి. నడక పూర్తిగా పోయిన కుక్క కూడా తింటూ, పేరు పిలిస్తే చెవులు రిక్కిస్తూ ఉండగలదు. ఆ దశలో ఇంటి పని మారుతుంది. నడిచే దారుల పట్టాలు తీసేసి, ఇంట్లోవాళ్ళు ఎక్కువగా మసలే గదిలో ఒక మూలను పడకగా చేయాలి, వెనక వరండాలో కాదు. కొన్ని గంటలకొకసారి పక్క మార్చాలి, లేకపోతే తుంటి ఎముక, భుజం ఆనే చోట్ల చర్మం చితికి పుండు పడుతుంది. పరుపు మీద నీరింకని షీటు, దాని పైన రోజూ ఉతికి మార్చే పాత నూలు చీర మడత వేస్తే మూత్రం ఒంటికి అంటి చర్మం ఒరుసుకుపోకుండా ఉంటుంది. తోక కింద, తొడల మధ్య వెంట్రుకలు పొట్టిగా కత్తిరించి, తుడిచి, తడి లేకుండా ఆరబెట్టాలి. వానాకాలంలో ఇది తప్పితే ఈగలు వాలి రెండు మూడు రోజుల్లో పురుగులు పడతాయి. వారానికోసారి ఆ ఏడు మార్కులు ఒక కాగితం మీద రాసిపెట్టుకుంటే, ఎప్పుడు ఏం చేయాలన్న మాట వైద్యుడితో మాట్లాడేటప్పుడు అటు భయమూ ఇటు ఆశా కాకుండా ఆ కాగితం ముందుంటుంది.